గృహిణీ గోష్ఠి: రథచక్రము నెత్తువాని యిల్లు



ఈ నెల ఊరగాయల సంగతియు, పిల్లల దగ్గుల సంగతియు ప్రక్కకు నెట్టి, చెడిన బండ్లను లాగుకొనిపోవు క్రేనుబండిని గూర్చి వ్రాయబూనితిమి. "ఆడువారి పత్రికలో ఇనుపకొక్కెముల ప్రసంగ మేల?" అని మా వారు నవ్విరి. నవ్వుదురుగాక. ఆ కొక్కెము పట్టిన చేతికి రాత్రి అన్నము వడ్డించునది యెవరు? ఆ చేతికి గాయమైనచో పసుపు పెట్టునది యెవరు? ఆ పసుపును నమ్ముకొని ఒక యింట ఎంత కాలము వృథా యయ్యెనో చెప్పవలెననియే యీ ప్రయత్నము.

మా మర్రిగూడ నుండి సంస్థాన్ నారాయణపురము మీదుగా చౌటుప్పల్ చేరినచో హైదరాబాదు నుండి విజయవాడకు పోవు పెద్దరస్తా తగులును. పూర్వము 9వ నెంబరనబడిన ఆ రస్తాకు 2010లో దేశమందలి రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు 65వ నెంబరు వచ్చినది. మా మండలము పేరు వినగనే ఫ్లోరైడు నీటిని తలచుకొనువారే పెక్కుమంది. కాని మా ప్రాంతపు పడుచువాండ్రలో ఆ రస్తానే పొలముగా నమ్ముకొని బ్రతుకువారును కలరు. లారీలు నడుపువారు, పంచరు దుకాణములవారు, క్రేనుబండ్లవారు. అట్టి క్రేనువాని యిల్లాలు మా వీధిలో నున్నది.

గడచిన వేసవిలో ఒకనాటి ఉదయమున ఆమె మా యింటికి వచ్చి, "అమ్మా, మా ఆయన ఏలికి సూది గుచ్చినట్టయింది. పసుపు పెట్టిన. రాత్రంత నొప్పి నొప్పని మూలిగిండు. దవాఖానకు పోదమంటె ఇంత దానికా అంటుండు" అని చెప్పెను. మేము పోయి చూచితిమి. చూపుడువ్రేలి కొనయందు చీమ కుట్టినంత గుర్తు, రక్తమైనను లేదు. పసుపులో సున్నము కలిపి పట్టు వేయుమని మేమును చెప్పి వచ్చితిమి. అది మా యజ్ఞానము. మధ్యాహ్నమునకు వ్రేలు పాలిపోయి, వాచి, బిగిసిపోయెను. హైదరాబాదు తీసికొనిపోగా అచ్చటి వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న, "ఇది గుచ్చుకొన్నప్పుడు నీవేమి చేయుచుంటివి?" అనునది. క్రేను గొట్టములో నూనె ఎచ్చట కారుచున్నదో చేతితో తడిమి చూచుచుంటినని యతడు చెప్పెను. ఆ మాట వినిన వెంటనే శస్త్రచికిత్సకు తీసికొనిపోయిరి. అరచేయి వరకు కోసి నూనెను కడిగిరి. వ్రేలు నిలిచినది, కాని వంగదు.

ఇందలి కిటుకు తెలిసికొనుట మనకు అవసరము. క్రేను చేయి పైకి లేచునది గొట్టములలో పంపు త్రోయు నూనె బలముచేత. ఆ నూనె ఒత్తిడి కారు చక్రములోని గాలి ఒత్తిడికి ఏబది రెట్లకు పైబడి యుండును. గొట్టమునకు సూదిమొనంత రంధ్రము పడినచో, వెలికివచ్చు నూనె కంటికి కానరాదు. కాని చర్మమును చీల్చుకొని లోనికి దూరి, కండరముల నడుమ ప్రాకును. పైన గాయము లేదు, లోన విషము వంటి నూనె. మొదట నొప్పియు స్వల్పమే. ఆలస్యమైనకొలది వ్రేలు తీసివేయవలసిన గతి పట్టును. కావున క్రేనువాని యింటిలో "సూది గుచ్చినట్లయినది" అను మాట వినబడిన, పసుపు వద్దు, కాపడము వద్దు, తెల్లవారనిమ్మని కూర్చుండుట అసలే వద్దు. శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి ఆ గంటలోనే పోయి, "ఒత్తిడితో నూనె లోనికెక్కినది" అని స్పష్టముగా చెప్పవలెను. ఇక కారుటను కనిపెట్టదలచినవాడు చేయి చాపక, అట్టముక్కను దూరముగా పట్టి గొట్టము వెంట జరపవలెను. అట్ట తడిసిన చోట రంధ్రమున్నది. బాగుచేయుటకు ముందు చేయి దింపి, ఇంజను ఆపి, గొట్టములోని ఒత్తిడిని వదలవలెను. ఎత్తియున్న చేయి క్రింద దూరి పానా త్రిప్పుటకన్న సాహసము వేరొకటి లేదు. నూనె జారిన నిమిషముననే అది క్రిందికి వచ్చును.

ఇది యంతయు మాకు ఆ యిల్లాలి పెనిమిటి చెప్పగా తెలిసినది. అంతకుముందు మేమును క్రేనువానిని పిలిచి పని చేయించుకొన్నవారమే. సంక్రాంతికి ఆ రస్తా మీద బండ్ల తాకిడి యెట్లుండునో కోస్తాకు పోవు చుట్టములున్న వారెరుగుదురు. రెండేండ్ల క్రిందట పండుగ ముగించుకొని విజయవాడ నుండి తిరిగి వచ్చుచుండగా, చిట్యాలకు ఈవల మా అద్దెకారు రాత్రివేళ ఆగిపోయెను. మేము ఏమి చేసితిమో చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. పిల్లలు చలికి కారులోనే ముసుగు పెట్టి పండుకొనిరి. మా వారు కారు వెనుక నిలిచి, సెల్ ఫోను దీపము నూపుచు వచ్చు బండ్లకు దారి చూపుచుండిరి. క్రేనువాడు వచ్చి దిగుచునే చేసిన మొదటి పని కొక్కెము తీయుట కాదు. "సార్, మీరు బండి ఎనక నిలబడకుండ్రి. పిల్లల్ని దించి ఆ రేకు అవతలికి తీస్కపోండ్రి" అనెను. రేకనగా రస్తా అంచున కట్టిన ఇనుపకంచె. దాని యవతల, చేను ప్రక్కన, మేమందరము వణకుచు నిలిచితిమి.

ఆ మాటలోని బుద్ధిని తరువాత లెక్క వేసి చూచుకొంటిమి. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక్క క్షణములో 22 మీటర్లు నడచును. ఎర్ర ముక్కోణపు పలకను బండికి 20 మీటర్ల దూరమున పెట్టుట యనగా వెనుకవానికి ఒక్క క్షణమైనను మిగుల్పకుండుటయే. రాత్రివేళ నూరు మీటర్లకు తక్కువ గాక వెనుకకు పోయి పెట్టవలెను. మలుపున్నచో మలుపునకు ముందే. మా క్రేనువాని వెంట నున్న కుర్రవాడు అట్లే చేసి, ఎర్రదీపము పట్టి అచ్చటనే నిలిచెను. కొక్కెము తగిలించువాడు నేలమీద మోకరించి పని చేయుచుండగా, కుర్రవాని చూపు వచ్చు బండ్లమీదనుండి కదలలేదు.

మాకు అప్పుడు కర్ణుడు జ్ఞాపకమునకు వచ్చెను. చక్రము భూమిలో క్రుంగినప్పుడు అతడు రథము దిగి, వంగి, రెండు చేతుల చక్రమును పట్టెను. కొంచెము సేపు ఆగుమని అర్జునుని అడిగెను. బాణము ఆగలేదు. సారథియైన శల్యుడు రథము మీదనే యుండెను. హితము కోరి హెచ్చరించు సారథి కాడాయె. మా తండ్రిగారు కర్ణపర్వము చెప్పునప్పుడు ఆ ఘట్టమును శాపముల ఫలముగా బోధించెడివారు. చిట్యాల చేను గట్టున నిలిచి చూడగా, వంగి పనిచేయువాని వెనుక కాపు లేకపోవుటయే మాకు తోచినది. రస్తా మీది లారీలు అర్జునుని పాటి సంభాషణకైనను ఆగవు.

క్రేనుబండి పుట్టుకయే యొక చక్రము క్రుంగిన కథ. 1916లో అమెరికా దేశపు టెన్నెసీ రాష్ట్రమున చాటనూగా పట్టణములో ఎర్నెస్టు హోమ్సు అను మోటారు బాగుచేయువాడు, వాగులో పడిన మిత్రుని కారును పలువురు మనుష్యులు తాళ్ళతో లాగి వెలికితీయుట చూచి విసిగి, 1913 నాటి కాడిలాకు కారు మీద మూడు కంభములు, కప్పి, గొలుసు బిగించి తొలి క్రేనుబండిని కల్పించెను. నేడు ఆ పట్టణమున అట్టి బండ్ల మ్యూజియము కలదు. ఆ బండ్ల కంటె మా మనస్సున నాటినది అచ్చటి గోడ యొకటి: ఈ పనిలో నుండగా ప్రాణములు విడిచినవారి పేర్లు దానిమీద నున్నవి. రస్తా ప్రక్క నిలిచిన అత్యవసర వాహనములను చూచినంతనే వేగము తగ్గించి ప్రక్క వరుసకు తొలగవలెనను చట్టము లిప్పుడు ఆ దేశమందలి రాష్ట్రములన్నిట నున్నవి. మన యిండ్లలో కారు నడుపు కుమారులకు ఆ మాట చెప్పుటకు చట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు.

ఇక రోపు సంగతి. ఇనుపతీగలు పేని చేసిన ఆ తాటిని క్రేనువారు రోపందురు. అది బిగిసినప్పుడు దానిని దాటరాదు, చేతితో తాకరాదు, దాని వరుసలో నిలువరాదు. తెగినచో కొరడావలె వెనుకకు కొట్టును. లాగునప్పుడు రోపు నడుమ తడిపిన గోనెసంచులు వేసినచో, తెగినను ఆ బరువునకు దెబ్బ కొంత యణగును. డ్రమ్ము మీద ఎల్లప్పుడు నాలుగైదు చుట్లు మిగిలియుండవలెను. చివరి చుట్టు వరకు విడిచినచో బరువంతయు కొనను బిగించిన మేకు మీద పడి ఊడివచ్చును. ఒకసారి మెలికపడి ముడిగిన రోపును సాగదీసి తిన్నగా చేసినను దాని బలము తిరిగి రాదు.

తెగిన పోగులను కనిపెట్టుటకు పాతచీర పేలిక కంటె మంచి పరికరము లేదు. తోలు చేతిసంచులు తొడిగి, రోపు మీద పేలికను జరుపుచు పోవలెను. తెగిన పోగున్న చోట అది పట్టుకొనును. వట్టిచేతితో తడుముట చేతిని కోసికొనుటయే. పేలికలను సమకూర్చు పని మన చేతిలోనిదే గదా! కొక్కెమునకు నోరు మూయు చిన్న రేకు ఊడినదేమో, గొలుసు కణుపు సాగినదేమో, టైరులో గాలి యున్నదేమో, దీపములు వెలుగుచున్నవేమో, బయలుదేరుటకు ముందు పగటివెలుతురులో చూచుకొనవలెను. అర్ధరాత్రి పిలుపు వచ్చిన తరువాత చూచుకొనుటకు వ్యవధి యుండదు.

బండి నెక్కించిన పిమ్మట గొలుసులు తగిలించి, పట్టీలు బిగించి, కొంత దూరము పోయి ఆగి మరల బిగింపు చూడవలెను. మొదటి కుదుపులలోనే పట్టీలు సడలును. లాగబడు కారులో మనుష్యులను కూర్చుండబెట్టరాదు. తాటితో లాగు బండ్లకు, 2017 వరకు అమలులో నుండిన 1989 నాటి రహదారి నియమములు రెంటినడుమ 5 మీటర్లకు మించిన యెడము కూడదనియు, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదనియు విధించెడివి. ఆ వేగము పాటించువానిని మే మింతవరకు చూడలేదు. బ్యాటరీ కార్లు వచ్చిన తరువాత మరియొక జాగ్రత్త చేరినది. వాని నడుపు చక్రములు నేలమీద దొర్లిన, లోని మోటారు తిరిగి కరెంటు పుట్టించును, వేడెక్కి చెడును. అట్టి కారును నాలుగు చక్రములతో సహా పళ్ళెపుబండి మీద కెక్కించి తీసికొనిపోవలెను. కారు గలవారు పిలుచునప్పుడే ఆ మాట చెప్పిన మేలు. జాతీయ రహదారి మీద 1033 నెంబరుకు ఫోను చేసిన సహాయము వచ్చునని కూడ గుర్తుంచుకొనుడు.

మెరయు జాకెట్టును గూర్చి రెండు మాటలు. జాకెట్టనగా మన రవికె కాదు. పసుపుపచ్చని చేతులులేని తొడుగు. దానిమీది వెండిపట్టీలలో సన్నని గాజుపూసలుండును. అవి దీపపు వెలుతురును వచ్చిన దారినే త్రిప్పి పంపును, కనుక బండివానికి దూరమునుండి మెరయును. గ్రీసు, దుమ్ము పట్టినచో ఆ పట్టీ గుడ్డి దగును. మెత్తని సబ్బుతో ఉతికి, పిండక, నీడను ఆరవేయవలెను. బ్లీచింగు తగులనీయరాదు, పట్టీల మీద ఇస్త్రీ పెట్టరాదు. చీకటిలో టార్చిలైటును కంటి ప్రక్కన పట్టి చూచినప్పుడు పట్టీ మందముగా కనిపించినచో ఆ తొడుగు పని అయిపోయినట్లే. పొదుపరి ఇల్లాండ్రు దానిని మరియొక యేడాది నడుపుదమని చూతురు. ఇచ్చట ఆ పొదుపు తగదు.

నిద్ర సంగతి మాత్రము అందరికంటె మనకే యెక్కువ తెలియును. 17 గంటలు మేలుకొని యున్నవాని చురుకుదనము, నూరు మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల సారాయి యున్నవానితో సమానమగునని ఆస్ట్రేలియాలోని పరిశోధకులు 1997లో ప్రకటించిరి. మన చట్టము డ్రైవరునకు పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. రాత్రి పని చేసి వచ్చినవానిని పగలు రేషను దుకాణమునకు, పెండ్లి పిలుపులకు పంపుచున్న మనమే అతనికి కల్లు పోసి రస్తా మీదికి తోలినవారమగుచున్నాము. మా వీధి యిల్లాలు పెనిమిటి రాత్రి పోయినప్పుడెల్ల అరగంటకొకసారి ఫోను చేసెడిది. కొక్కెము పట్టిన చేయి జేబులోనికి పోవునని తెలిసిన తరువాత మానివేసినది. పని ముగిసినప్పుడు అతడే ఒకసారి మ్రోగించి విడుచును. ఆ మ్రోత వినువరకు ఆమె నిద్రపోదని మేమెరుగుదుము. వారి దీపము మా కిటికీకి కనిపించును.

మొన్న సోమవారము ఆమె ఒక పేలికను తెచ్చి చూపినది. మా పాత నేతచీర కొంగే అది. దానికి మూడు ఇనుపపోగులు దగ్గరదగ్గరగా చిక్కుకొని యున్నవి. ఆమె పెనిమిటి దానిని యజమానికి చూపగా, క్రొత్త రోపు వారము దినములలో వచ్చునని, అంతవరకు మెల్లగా నడుపుమని అతడు చెప్పెనట. ఇతడు తాళపుచెవి బల్లమీద పెట్టి ఇంటికి వచ్చెను. వారము దినముల కూలి పోయినది. నిన్న సాయంకాలము ఆమె మా యింట రెండు మానెల బియ్యము బదులు తీసికొనిపోయినది. పోవునప్పుడు పేలికలకు మరియొక పాతచీర ఉన్నదేమో చూడుమని అడిగి పోయెను.