పరుగుకూ పరుగుకూ నడుమ

తెల్లవారుజామున అయిదింటికి మా వీధి చివర హైస్కూలు గ్రౌండులో ఒక చెప్పుల జతే గీత. పరుగు అక్కడే మొదలు, అక్కడికే ఆఖరు. పదిమంది కుర్రాళ్ళు, అందరూ ఆర్మీ ర్యాలీకి తయారవుతున్నవాళ్ళే. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే 60 మార్కులు, బీమ్ మీద పది పులప్స్ తీస్తే మరో 40. రెండు వేపచెట్ల నడుమ బోరు పైపు బిగించి, దాన్నే బీమ్ చేసుకున్నారు.

నిరుడు రోజూ నాలుగు రౌండ్లు ఒక్క బిగిన ఉరికేవారు. నెల తిరక్కుండానే ముగ్గురికి మోకాలి కింద ఎముక నొప్పి పట్టుకుంది. ఈసారి పద్ధతి మార్చారు. ఒక రౌండు గట్టిగా కొడతారు. రొప్పు తగ్గకముందే నేలకు వాలి పది దండీలు, లేచి పదిహేను బస్కీలు. తర్వాత అర రౌండు నడక. మళ్ళీ చెప్పుల దగ్గరికి. దండీలు తీసేటప్పుడు కాళ్ళకు కాస్త తెరిపి దొరుకుతుంది, గుండెకు అంతగా దొరకదు. నడుము జారిందంటే ఆ దండీని లెక్కలోకి తీసుకోరు. ఆ పట్టింపు నాకు నచ్చింది.

అంతకన్నా నచ్చింది ఆ అర రౌండు నడక. ఈ కిటుకు కొత్తదేమీ కాదు. చెకోస్లొవేకియా సైనికుడు, పరుగువీరుడు ఎమిల్ జాటోపెక్ 400 మీటర్లు వేగంగా పరిగెత్తి, 200 మీటర్లు మెల్లగా జాగింగ్ చేసి, మళ్ళీ వేగం అందుకునేవాడు. ఒక్కోసారి మిలిటరీ బూట్లతోనే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ ఆయనవే. నెమ్మదించిన ఆ కాసేపట్లో నాడి దిగుతుంది, మరో రౌండుకు కాళ్ళు సిద్ధమవుతాయి. మన పిల్లలకు ఆగడమంటే ఓడిపోవడమని ఎవరు నేర్పారో గానీ, ఈ నడకను దొంగతనంలా దాచుకునేవాళ్ళను కూడా చూశాను.

దండీలూ బస్కీలూ మన తాలింఖానాల సొత్తు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు సాధన చేసిన విజయనగరం గడ్డకు వాటిని కొత్తగా పరిచయం చేయాలా? వాటికి కావలసింది బారెడు మట్టినేల. కానీ చాలాచోట్ల బడి గేటుకు తాళం పడి, పిల్లలు హైవే పక్కన లారీల వెలుగులో పరిగెడుతున్నారు. అక్కడ దండీ తీయడానికి చోటేదీ? తెల్లవారుజామున ఓ గంటన్నర పాటు తాళం తీయమని హెడ్మాస్టర్లను చేతులెత్తి వేడుకుంటున్నాను.

నిన్న ఆరో రౌండు కాగానే ఒక కుర్రాడు గోడకు చేరగిలబడ్డాడు. వాళ్ళలో పెద్దవాడు వచ్చి చెయ్యి అందించాడు.

“కూర్చోకురా తమ్ముడూ, నడువు. నేనూ వస్తా.”

ఇద్దరూ వేపచెట్ల వైపు మెల్లగా నడిచారు.