ఎవరి కళ్ళ కొలత?

ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించి తలకి పెట్టుకునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ గురించి స్త్రీల హక్కుల పత్రికలో సంపాదకీయమా అని కొందరు మిత్రులు అడగవచ్చు. కూలిరేట్లూ, మంచినీళ్ళూ, గృహహింసా మన ముందుండగా ఈ ఖరీదైన ఆటవస్తువుతో మనకేం పని? పని ఉందనే నేననుకుంటున్నాను. ఒక వస్తువుని ఎవరి శరీరాన్ని బట్టి కొలిచారో మొదట్లోనే అడగకపోతే, అది ఊరంతా పాకాక అడగడం కష్టం.

ఈ పరికరంలోని రెండు కటకాల మధ్య దూరం మన కంటిపాపల మధ్య దూరంతో సరిపోవాలి. ఆ దూరం సగటున స్త్రీలకి సుమారు 62 మిల్లీమీటర్లు, పురుషులకి 64. 2019లో వచ్చిన ఆకులస్ రిఫ్ట్ ఎస్‌లో కటకాలను 63.5 దగ్గర కదలకుండా బిగించేశారు. ఇవి పెట్టుకుంటే తల తిరగడం, వికారం స్త్రీలలో ఎక్కువని పరిశోధకులు చాలాకాలంగా రాస్తున్నారు. దాన్ని ఆడవాళ్ళ సున్నితత్వం కింద జమకట్టడం సులువు. కానీ కే స్టానీ, మరో ఇద్దరు పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ తేడాకి ముఖ్య కారణం కటకాల దూరం కుదరకపోవడమే. కొలత కుదిరి, ప్రయాణాల్లో కడుపు తిప్పే సమస్య పెద్దగా లేని స్త్రీలకి పురుషులకి కలిగినంత ఇబ్బందే కలిగింది. లోపం మన శరీరంలో లేదు, కొలతలో ఉంది.

రెండోది హింస. 2016లో ఒక అమెరికన్ స్త్రీ, క్వివర్ అనే విలువిద్య ఆటలో తోటి ఆటగాడు తన ఛాతీ ఉండేచోట చేతులు వేయబోతూ వెంటపడ్డాడని రాసింది. ఆ ఆటలో అందరి రూపం ఒక్కటే: శిరస్త్రాణం, విల్లు, చేతులు. ఆమె స్త్రీ అని పట్టించింది గొంతు మాత్రమే. ఆ తర్వాత తయారీదార్లు ఒక సైగతో ఎదుటివాణ్ణి దూరం పెట్టే ఏర్పాటు చేశారు. 2022 ఫిబ్రవరిలో మెటా కంపెనీ తన హొరైజన్ వరల్డ్స్‌లో బొమ్మల మధ్య సుమారు 4 అడుగుల ఎడం పెట్టింది. ఇవి అవసరమే. కానీ మళ్ళీ అదే లక్ష్మణరేఖ! గీత లోపల ఉండాల్సింది మనం, దాటబోయినవాణ్ణి అడిగేవారు లేరు.

'హెడ్‌సెట్ తీసేస్తే పోలా?' అంటారు. 'ఆ దారిన ఎందుకెళ్ళావు?' అన్న పాత ప్రశ్నే ఇది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అసభ్యమైన మాటకి 75, 79 సెక్షన్లున్నాయి. 74వ సెక్షన్‌కి మాత్రం దాడి లేదా బలప్రయోగం జరిగి ఉండాలి. తాకడానికి శరీరమే లేదని వాదిస్తే ఆ చేష్ట ఏ సెక్షన్ కిందికి వస్తుంది? భయపడ్డ మనిషి మాత్రం నిజం కదా!

కటకాలు అన్ని ముఖాలకీ సర్దుబాటు కావాలనీ, ఫిర్యాదు చేస్తే సాక్ష్యం భద్రపరచి జవాబు చెప్పే బాధ్యత కంపెనీదేననీ, చట్టం ఈ చేష్టని పేరుపెట్టి గుర్తించాలనీ మనం ఇప్పుడే అడగాలి. ఈ కొత్త లోకానికి కొలతలు తీసేటప్పుడు మనం కూడా అక్కడ ఉండాలి.