సినిమా ఆవిడది, పేరు ఇంకొకరిది

ఈమధ్య 'బీ నేచురల్' అనే డాక్యుమెంటరీ చూశాను. పమేలా గ్రీన్ 2018లో తీసింది, ఆలిస్ గీ గురించి. పారిస్‌లో ఓ కెమెరాల కంపెనీలో సెక్రటరీగా ఉంటూ, 1896లోనే సినిమాతో కథ చెప్పిన మనిషి! తర్వాత అమెరికాలో సొంత స్టూడియో నడిపింది. అయినా చరిత్ర రాసినవాళ్లు ఆవిడ సినిమాలు కొన్నింటిని మగవాళ్ల ఖాతాలో వేసేశారు. ఆవిడ ఊరుకోలేదు, ఆత్మకథ రాసుకుంది. అది అచ్చయిందెప్పుడనుకున్నారు? 1976లో, ఆవిడ పోయిన ఎనిమిదేళ్లకి.

మరి మన భానుమతిగారో? 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. ఆవిడ పాటలు, అత్తగారి కథలు అందరికీ గుర్తే. దర్శకత్వం మాట ఎంతమందిమి ఎత్తుతాం? మీలో రాసేవాళ్లు, కెమెరా పట్టేవాళ్లు ఉంటే మొదలుపెట్టండి. ఆ సినిమా హాల్లో చూసిన అమ్మమ్మలు ఇంకా ఉన్నారు, ముందు వాళ్లనడగండి.