కళ్లముందే వేధింపు.. ఫోన్ తీస్తే చాలా? వైన్‌షాపు సిబ్బంది, ఆటోడ్రైవర్లకు శిక్షణ ఎందుకు కావాలంటే..

తాగిన వ్యక్తి ఓ మహిళ వెంట పడుతున్నాడు. చుట్టూ పది మంది ఉన్నారు. ఎవరో ఒకరు ఆపుతార్లే అని అందరూ అనుకుంటారు.. చివరికి ఎవరూ ఆపరు. పలాస, టెక్కలి నుంచి ఉద్దానం తీరం దాకా ఈ 'మనకెందుకులే' పోవాలంటే ఉపన్యాసాలు చాలవు. శిక్షణ కావాలి.

విశాఖ చెప్పిన పాఠం

2017 అక్టోబర్ 22, విశాఖ రైల్వే న్యూకాలనీ. మద్యం మత్తులో ఉన్న యువకుడు పట్టపగలే ఫుట్‌పాత్‌పై ఓ మహిళపై అత్యాచారం చేశాడు. జనం చూస్తూనే దాటి వెళ్లిపోయారు. ఓ ఆటోడ్రైవర్ వీడియో తీసి పోలీసులకు చెప్పడంతో నిందితుడు దొరికాడు. కేసుకు ఆధారం దొరికింది సరే, ఆ క్షణంలో ఆమెకు మాత్రం సాయం అందలేదు.

అక్కడలా.. ఇక్కడెలా?

బ్రిటన్‌లోని లింకన్‌షైర్‌లో 2016లో 'ఆస్క్ ఫర్ ఏంజెలా' మొదలైంది. బార్‌లో ఇబ్బంది పడుతున్నవాళ్లు కౌంటర్‌కు వెళ్లి 'ఏంజెలా ఉందా?' అంటే చాలు, సిబ్బంది పక్కకు తీసుకెళ్లి ట్యాక్సీ పిలుస్తారు. అయితే సిబ్బందికి ముందే నేర్పితేనే ఇది పనిచేస్తుంది.

మన దగ్గర బార్‌లోకి వెళ్లే మహిళలు తక్కువ. భయమంతా బయటే. వైన్‌షాపు ముందు రోడ్డు, ఆటోస్టాండ్, బస్టాండ్. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పనిచేసేది ఎక్కువగా మహిళలే. పని ముగించుకుని పొద్దుపోయాక వాళ్లు ఇళ్లకు చేరాల్సింది ఇలాంటి దారుల్లోనే. అందుకే శిక్షణ ముందుగా అందాల్సింది అక్కడ రోజూ ఉండేవాళ్లకు.

ఏం నేర్పుతారు?

* మాట మళ్లించడం: తాగినోడితో గొడవొద్దు. ఆమెనే పలకరించండి. 'అక్కా, టెక్కలి బస్సు వెళ్లిపోయిందా?' అంటే చాలు, ఆమె ఒంటరి కాదని అవతలివాడికి తెలుస్తుంది.
* తోడు పిలవడం: పక్కవాళ్లను కలుపుకోండి. 112కి కాల్ చేయండి.
* తర్వాత అడగడం: 'ఇంటిదాకా తోడు రావాలా అమ్మా?'
* వీడియో: సాయం అందాకే. అదీ పోలీసులకే ఇవ్వాలి. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా వాట్సాప్ గ్రూపుల్లో పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల వరకు జైలు.

ఖర్చు కాదు, భయమే అడ్డు

సిబ్బందికి అవగాహన కార్యక్రమాలు పెట్టడం యజమాని బాధ్యతేనని, పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లోనే చెప్పింది. అందులో ఓ గంట దీనికి కేటాయిస్తే సరిపోతుంది.

అసలు చిక్కు 'స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు?' అన్న భయం. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్లకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇచ్చింది. వేధింపును ఆపినవాళ్లకు అలాంటి ప్రత్యేక సెక్షన్ లేదు. మహిళా సాక్షిని మాత్రం విచారణ కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. ఈ మాట పోలీసులే శిక్షణలో చెబితే, ముందుకొచ్చేవాళ్లు పెరుగుతారు.