ఆడబిడ్డల పేర్లు లేని వంశవృక్షం

బెంగళూరులోనో హోసూరులోనో, ఇంకా దూరం పోయి అమెరికాలోనో స్థిరపడిన మన పిల్లలు పండగకు ఊరికొచ్చినప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది. మనం అసలు ఎక్కడోళ్లం? బైరకూరులో పెద్దల జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. "ఆ పక్కనించి వచ్చినాం." ఆ పక్క అంటే తూర్పు పక్క, నంగలి దాటినాక వచ్చే పలమనేరు, పుంగనూరు సీమ. ఎప్పుడు, ఎందుకు అంటే "కరువులో" అంటారు, అంతే. ఆ పైన ఇంకొక ప్రశ్న వేస్తే పెద్దాయన ముఖం మారుతుంది. "ఇవన్నీ ఎందుకు అడగతా ఉండావు, భాగానికా?"

ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. కర్ణాటకలో వంశవృక్షం అనే మాటకు ఒక సర్కారు అర్థం ఉంది. ఆస్తి పంచుకోవాలన్నా, తండ్రి పోయినాక పహణిలో పేరు మార్చుకోవాలన్నా నాడకచేరిలో అర్జీ పెట్టి వంశవృక్షం తెచ్చుకోవాలి. అందుకే మన ఊర్లలో ఆ మాట వినగానే తాతముత్తాతలు గుర్తుకు రారు, గట్టు తగాదా గుర్తుకొస్తుంది.

ఆ కాగితాన్నే కుటుంబ చరిత్ర అనుకోవడం మానాలని మా అభిప్రాయం. చాలా ఇళ్లలో ఆ చెట్టుకు కొమ్మలన్నీ మగవాళ్లే. పెండ్లయి పోయిన ఆడబిడ్డ పేరు రాయిస్తే రేపు సంతకానికి ఆమె దగ్గరికి పోవాల్సి వస్తుందని, "ఇద్దరు కొడుకులు, అంతే" అని చెప్పి ముగిస్తారు. చట్టం అట్లా లేదు. కర్ణాటక 1994లోనే పెండ్లికాని ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి పెండ్లయినవాళ్లకూ ఇచ్చింది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని తేల్చింది. అయినా మన అరుగుల మీద ఇంకా పాత లెక్కే నడుస్తా ఉంది.

ఆస్తి సంగతి ఎవరి ఇంటి పంచాయితీ వాళ్లది. మేము చెప్పేది వేరే నష్టం గురించి. ఆడవాళ్లను వదిలేస్తే మనం ఎక్కడినుంచి వచ్చామో చెప్పే దారే మూసుకుపోతుంది. మనది మేనరికం ఊరు. మేనమామకో, మేనత్త కొడుక్కో పిల్లనిచ్చే ఇండ్లలో కోడళ్లు తరతరానికీ అవే రెండు మూడు ఊర్లనుంచి వస్తారు. వలస వచ్చిన ఇల్లు కొత్త ఊర్లో భూమిని వెంటనే కొనవచ్చుగానీ సంబంధాలను అంత సులభంగా మార్చుకోదు, పిల్ల కోసం పాత ఊరికే పోతుంది. మా ఇంట్లో నాలుగు తరాల కోడళ్ల పుట్టిళ్లు ఒక కాగితం మీద రాసి చూసినాం. ఎక్కువమంది పుంగనూరు పక్కన రెండు ఊర్లవాళ్లు, మిగతావాళ్లు పలమనేరు పక్క. మగవాళ్ల వరస ఎంత పొడుగు రాసినా బైరకూరు చెరువు గట్టు దాటలేదు. అవ్వల పుట్టిళ్లు రాసేసరికి దారి కనపడింది.

కాబట్టి మొదట అడగాల్సింది తాతను కాదు, జేజిని. తాతను అడిగితే పొలం సర్వే నంబరు చెప్తాడు. జేజిని అడిగితే ఎవరి పెండ్లికి ఎవరు బండి కట్టుకొని వచ్చినారో, ఏ చుట్టం ఇంట్లో పురుడు పోసినారో, ఇంటిదేవర జాతరకు ఎన్ని ఊర్లు దాటి పోయేవాళ్లో చెప్తుంది. ఇంటిదేవర గుడి ఎక్కడుందన్నది చిన్న విషయం కాదు. ఇప్పటికీ పుట్టువెంట్రుకలు తీయడానికి సరిహద్దు దాటి ఏదో మారుమూల గుడికి పోయే ఇల్లు మీదైతే, ఆ గుడి చుట్టుపక్కల ఊర్లలోనే వెతకడం మొదలుపెట్టండి. గోత్రం వల్ల ఇంత ఉపయోగం లేదు. అది ఎవరిని చేసుకోకూడదో చెప్తుందిగానీ ఎక్కడినుంచి వచ్చామో చెప్పదు.

పెద్దవాళ్లు ఇంగ్లీషు సంవత్సరాలు చెప్పరని విసుక్కోవద్దు. వాళ్లు చెప్పే సంవత్సరాల పేర్లు గట్టి లెక్కే. అరవై ఏండ్లకొకసారి తిరిగొస్తాయి కాబట్టి, "విక్రమ సంవత్సరంలో పుట్టినాడు" అంటే అది 1880 కావాలి, లేదా 1940 కావాలి. మనిషిని బట్టి ఏదో తెలిసిపోతుంది. "కరువులో వచ్చినాం" అన్నప్పుడు కూడా ఏ కరువు అని అడగాలి. ధాత కరువు అంటే 1876లో మొదలై రెండేండ్లు పీడించినది. మైసూరు సంస్థానంలో 1871 లెక్కల్లో 50 లక్షలకు పైగా ఉన్న జనం 1881కి 42 లక్షలకు దిగిపోయినారు. ఆ కరువు ఈ గట్టునూ ఆ గట్టునూ ఒకేలా తిన్నది. అప్పుడు ఎవరు ఎటు నడిచినారో ఏ దఫ్తరమూ రాసుకోలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు చెప్పుకున్న మాటే మిగిలింది.

ఇక కాగితాలు. జనగణనలో తాత పేరు దొరుకుతుందని ఆశపడేవాళ్లకు ఒక మాట. 1948 జనగణన చట్టం ప్రకారం మనిషి మనిషికీ రాసుకున్న ఆ పత్రాలు ఎవరూ చూడటానికి లేదు. అమెరికాలో ఉండే మనవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ 72 ఏండ్లు దాటిన జనగణన పుస్తకాలు అందరికీ తెరుస్తారు. మనకు దిక్కు భూమి కాగితాలే. పాత క్రయపత్రం దొరికితే మొదటి పేజీతో ఆపొద్దు. చెక్కుబంది చదవండి. తూర్పుకు ఎవరి చేను, పడమటికి ఎవరి బావి అని రాసిన చోట సగం మంది మన దాయాదులే ఉంటారు. చివర్లో సాక్షుల పేర్లు చూడండి. బామ్మర్దో అల్లుడో సాక్షి సంతకం పెట్టి ఉంటాడు, పక్కన వాళ్ల ఊరు కూడా ఉంటుంది. ఆడవాళ్లను వదిలేసిన కాగితంలో వాళ్ల జాడ దొరికేది ఇట్లాగే, అల్లుడి సంతకంలో.

శానుభోగుల దఫ్తరాల కథ వేరు. వంశపారంపర్యంగా వచ్చిన ఆ ఉద్యోగాలను 1961 చట్టంతో తీసేసినారు, అది 1963లో అమలుకు వచ్చింది. అప్పటిదాకా ఊరి లెక్క ఒక ఇంట్లో ఉండేది. కొన్ని పుస్తకాలు తాలూకాఫీసుకు పోయినాయి, కొన్ని అటకల మీదే చెదలకు పోయినాయి. మీ ఊరి పాత శానుభోగుల ఇంటివాళ్లు ఇంకా ఉంటే మర్యాదగా పోయి అడగండి. అడిగేముందు భాగం కోసం కాదని చెప్పడం మాత్రం మరవొద్దు.

సరిహద్దు దాటితే కచేరీ మారుతుంది. బైరకూరు మైసూరు రాజ్యం. పుంగనూరు మద్రాసు ప్రెసిడెన్సీలో జమీను. 1911 ఏప్రిల్‌కు ముందు చిత్తూరు జిల్లా అనేదే లేదు, ఆ సీమ చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉండేది. అంటే మన ముత్తాత పేరు కోసం చిత్తూరులో వెతికి దొరకలేదంటే అది లేదని కాదు, చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉత్తర ఆర్కాటు కట్టల్లో ఉండొచ్చు. ఈ పక్క కాగితాలకు బెంగళూరులో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. బాగేపల్లి, చింతామణి పక్కవాళ్లు 2007 నుంచి చిక్కబళ్లాపురం జిల్లా అయినారు, పాత కాగితాల మీద మాత్రం కోలారే ఉంటుంది.

కేజీఎఫ్ పనికి పోయిన ఇండ్లది ఇంకొక బాధ. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటినుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా 120 ఏండ్లు లక్షల అడుగులు ఆ షాఫ్టుల్లోకి దిగినాయి. ఇంగ్లండులో కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని దొర ఇంట్లో బిడ్డ పుట్టి బాప్తిస్మం అయితే ఆ వివరం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చేరిన చర్చి రిజిస్టర్లలో ఉంటుంది. ఆ దొర మునిమనవరాలు ఇంట్లో కూర్చొని వెతుక్కోగలదు. అదే గనిలో రాయి పగలగొట్టిన మన తాతకు అటువంటి పుస్తకం లేదు. 1930లో కంపెనీలు కూలీలందరి వేలిముద్రలు తీసుకోవాలని చూస్తే గనులు ఆగిపోయేంత సమ్మె జరిగింది. తమను దొంగల మాదిరి చూస్తున్నారని వాళ్ల రోషం, న్యాయమైన రోషం. కంపెనీ దగ్గర మన పేరు చేరడం అప్పుడు భయం, ఇప్పుడు ఆ పేరు కోసమే వెతుకుతున్నాం. కేజీఎఫ్ ఇండ్లవాళ్లు ట్రంకు పెట్టెల్లో పీఎఫ్ కాగితాలు, జీతం చీటీలు ఉంటే పారేయకండి. నామినీ గడిలో భార్య పేరు రాసి ఉంటుంది. చాలా ఇండ్లలో ఆమె పేరున్న కాగితం అదొక్కటే.

ఇంటిపేరు పోవడం ఈ సీమ ప్రత్యేకత. మైసూరు బడుల్లో ఊరి పేరు, తండ్రి పేరు రెండక్షరాలుగా ముందు పెట్టేసరికి ఇంటిపేరు జారిపోయింది. కొందరికి అదృష్టం కలిసొచ్చింది. ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారి పేరు ముందు ఆంధ్రలోని మోక్షగుండం నిలిచిపోయింది. ముళబాగిలులో 1887లో పుట్టిన డీవీజీ గారి మొదటి అక్షరం దేవనహళ్లి, పుట్టిన ఊరు కాదు. మీ పేరు ముందున్న అక్షరం ఏ ఊరిదో, ఎవరు పెట్టించారో ఇంట్లో అడిగి చూడండి. మా ఇంట్లో "బీ" అంటే బైరకూరు. ఇంటిపేరు ఒక అత్తమ్మ దగ్గర మాత్రమే మిగిలింది, పెండ్లి పత్రికలో వేయించాలని ఆమె పట్టుబట్టినందువల్ల.

ఇంకొకటి తొందరగా చెయ్యాల్సింది ఉంది. మన తాతలు ఉత్తరాలు తెలుగు లిపిలో రాసుకున్నారు. మనం ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడ నేర్చుకున్నాం. మన పిల్లలకు ఆ ఉత్తరాలు బొమ్మల్లా కనపడతాయి. కన్నడ చదవగలిగిన పిల్లకు తెలుగు అక్షరాలు నేర్పడం పెద్ద పని కాదు, తలకట్లు, కొమ్ములు చూపిస్తే సగం దానంతటదే వస్తుంది. ఈ ఎండాకాలం సెలవుల్లో అటక మీది ఉత్తరాల కట్ట కిందికి దించండి. ముందుగా అత్తలూ అక్కలూ పుట్టింటికి రాసినవి ఏరి పక్కన పెట్టండి. ఒక నోటు పుస్తకంలో ప్రతి ఆడబిడ్డ పేరూ, ఆమెను ఇచ్చిన ఊరూ, ఆమె బిడ్డల పేర్లూ రాయండి. నాడకచేరి కాగితం మీద ఏమున్నా, ఈ పుస్తకం మీద ఎవరి సంతకమూ అక్కర్లేదు.