వట్టిపోయిన ఘటము

విద్యుత్తు నిచ్చు చిన్న సాధనమునకు శాస్త్రగ్రంథములలో ఘటమని పేరు. ఘటమనగా కుండ. ఇంటిలోని కుండలో నీరు వట్టిపోయినచో ఎవ్వరును దానిని వీధిలో పారవేయరు. బావికో కుళాయికో కొనిపోయి మరల నింపి తెచ్చుకొందురు. కాని విద్యుద్ఘటము వట్టిపోయినప్పుడు మాత్రము వివేకవంతులు సైతము దానిని చెత్తబుట్టలో వైచి, అంగడికి పోయి మరియొకటి కొనుచున్నారు. ఈ యలవాటు తగినదేనా యని విచారింపవలసి యున్నది.

1964వ సంవత్సరమున అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ననుసరించి బిల్ ఇంగ్లీష్ తయారుచేసిన మొదటి మౌసు ఒక చిన్న కొయ్యపెట్టె. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో ఎంగెల్‌బార్ట్ మౌసును సభలో ప్రదర్శించి చూపెను. దానికి తోకవంటి తీగ యుండెను. తీగ గల మౌసునకు కావలసిన విద్యుత్తు ఆ తీగ ద్వారానే కంప్యూటరు నుండి లభించును. నేడు అనేక గృహములలోను కార్యాలయములలోను తీగ లేని మౌసులు, కీబోర్డులు వాడుకలో నున్నవి. తీగ పోయినది, దానితోపాటు విద్యుత్తు వచ్చు త్రోవయు మూసికొనిపోయినది. కనుక అవి తమ గ్రాసమును కడుపులోనే దాచుకొనవలసి వచ్చినది. ఆ గ్రాసమే బ్యాటరీ.

ఈ బ్యాటరీలు రెండు విధములు. అంగడిలో సామాన్యముగా దొరకు ఆల్కలైన్ ఘటములో తుత్తునాగము, మాంగనీసు డయాక్సైడు రసాయనిక మార్పునకు లోనై విద్యుత్తు నిచ్చును. ఆ పదార్థములు ఒకసారి మారిన తరువాత వాటిని సురక్షితముగా పూర్వస్థితికి తెచ్చుటకు వీలులేదు. రెండవ విధమైన ఘటములో విద్యుత్తును ఎదురుగా ప్రవహింపజేసినచో జరిగిన మార్పు వెనుకకు మరలును. ఈ మార్గమును 1859లో ఫ్రాన్సు దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే సీసపు ఘటముతో చూపెను. 1899లో స్వీడన్ దేశస్థుడైన వాల్డెమార్ యుంగ్నర్ నికెల్, కాడ్మియములతో అట్టి ఘటమును నిర్మించెను. కాడ్మియము విషలోహము. అందుచేత ఇరువదవ శతాబ్దపు చివరి దినములలో దాని స్థానమున నికెల్ మెటల్ హైడ్రైడ్ ఘటము వచ్చినది. నేడు మౌసులలో వాడదగినది ఇదియే. దీనిని కొన్ని వందల పర్యాయములు నింపుకొనవచ్చును.

దీనిపై కొందరు ఆక్షేపణలు చెప్పుదురు. క్రొత్త ఆల్కలైన్ ఘటము 1.5 వోల్టుల నిచ్చును. నింపుడు ఘటము 1.2 వోల్టులే యిచ్చును గదా యని మొదటి ఆక్షేపణ. ఇది సత్యమే గాని సంపూర్ణ సత్యము గాదు. ఆల్కలైన్ ఘటము వాడుచున్న కొలది క్రమముగా దిగజారి, తన జీవితములో అధికభాగము 1.5 కంటె తక్కువలోనే గడపును. నింపుడు ఘటము తుదివరకు ఇంచుమించు 1.2 వద్దనే నిలిచి, పిమ్మట ఒక్కసారిగా పడిపోవును. అందుచేత పెక్కు మౌసులు దానితో చక్కగా పనిచేయును. అయితే కొన్నింటిలో బ్యాటరీ అయిపోవుచున్నదని దీపము ముందుగనే హెచ్చరించును. ఆ హెచ్చరికను చూచి తొందరపడనక్కర లేదు.

రెండవ ఆక్షేపణ వెలనుగూర్చినది. లెక్కకై ఒక పాఠశాలలో 20 మౌసులున్నవనియు, ఒక్కొక్కదానిలో ఒక ఘటము ఆరునెలలకు అయిపోవుననియు అనుకొనుడు. ఐదేండ్లకు 200 ఘటములు చెత్తకుప్ప చేరును. నింపుడు ఘటములైనచో, వాడుకకు 20, మార్పిడికి 4, మొత్తము 24 చాలును. ఒక్కొక్కదాని వెల ఐదురెట్లున్నను అది 120 ఘటముల వెలకు సమానము. మిగిలిన దానిలో చార్జరు వెల పోగా నష్టముండదు. వాటిని నింపుటకగు విద్యుత్తు అత్యల్పము. ఒక్క యూనిట్టుతో నూరు ఘటములను నింపవచ్చును.

కీబోర్డు సంగతి వేరు. అది త్రాగు విద్యుత్తు మిక్కిలి తక్కువ. రెండు ఘటములు ఏడాదికి పైగా వచ్చుట కలదు. అట్టి దానికొరకే చార్జరు కొన్నచో సొమ్ము మిగులదు. ఇంటిలో మౌసుకొరకు చార్జరు ఉన్నచో కీబోర్డునకును దానినే వాడుకొనుట మేలు. ఇక బల్లమీద స్థిరముగా నుండు కంప్యూటరునకు తీగ గల మౌసు చాలునేని, ఏ బ్యాటరీయు అక్కరలేదు. అన్నిటికంటె పొదుపైన ఘటము కొననక్కరలేని ఘటమే.

నిజమునకు ఈ విషయము రూపాయలతో ముగియునది కాదు. ఒక చిన్న ఘటము కొరకు భూగర్భమునుండి ఖనిజమును త్రవ్వి, కొలిమిలో కరగించి, దూరదేశములకు మోసికొనిపోవలెను. దానిని తయారుచేయుటకు పట్టు శక్తి అది తిరిగి యిచ్చు శక్తికంటె ఎన్నోరెట్లు అధికము. అంత శ్రమ ఆరునెలలలో చెత్తపాలగుచున్నది. ఆ చెత్తను వట్టిచేతులతో ఏరుకొని బ్రదుకు నిరుపేదలున్నారు. పగిలిన ఘటమునుండి కారు క్షారము మొదట తాకునది వారి చేతులనే. బ్యాటరీని బుట్టలో వైచిన చేయి ఆ చేతులను చూడదు.

నింపుడు ఘటములను వాడువారు కొన్ని నియమములు పాటింపవలెను. ఆల్కలైన్ ఘటమును చార్జరులో నుంచరాదు. అది కారుటయో పగులుటయో సంభవించును. రెండు ఘటములు కావలసినచోట పాతదానిని, క్రొత్తదానిని జతపరచరాదు. నింపుడు ఘటమునకును చివరకు మరణము తప్పదు. అప్పుడు దానిని ఇంటి చెత్తతో కలుపక సేకరణ కేంద్రమునకు చేర్చవలెను. భారత ప్రభుత్వము 2022లో ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నియమములు, వాడిన బ్యాటరీలను వేరుగా ఉంచవలసిన బాధ్యత వినియోగదారునిపైనను, వాటిని సేకరించి శుద్ధిచేయించు బాధ్యత ఉత్పత్తిదారునిపైనను మోపినవి.

నింపుడు ఘటము కొంత ఓర్పును కోరును. రాత్రి చార్జరులో నుంచుటయు, ఉదయము తీయుటయు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ మాత్రపు శ్రమకే బద్ధకించువారు పారవేయుటలోనే సుఖమున్నదని తలంతురు. కాని పూర్వులు ప్రతిదినము కుండను కడిగి, నింపి, మూతపెట్టి కాపాడిరి. వారికి కుండ కొనలేని పేదరికమే కారణము కాదు. పనికివచ్చు వస్తువును పారవేయుట తప్పని వారెరిగియుండిరి. బాలబాలికలు ఆ యెరుకను నేటి ఘటమునకును వర్తింపజేయుదురుగాక.