ఫ్రీ పీడీఎఫ్ సరే, అందరూ చదవగలరా?

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్లో తెలుగు మీడియం పాఠ్యపుస్తకం పీడీఎఫ్ ఏదైనా ఉంటే తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు అక్షరాలు వచ్చాయా? చాలా పుస్తకాలకు రావు. ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కలిసిన పిచ్చిరాత వస్తుంది. కొన్నిటికి కాపీయే అవ్వదు, ఎందుకంటే అవి పేజీలకు తీసిన ఫొటోలు.

చూపు లేని పిల్లలకు ఫోన్ చదివి వినిపించేది ఆ పిచ్చిరాతనే. ఫొటో పేజీ అయితే అదీ ఉండదు.

చూపు లేనివాళ్లు ఫోన్ ఎలా వాడతారో మనలో చాలామందికి తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో టాక్‌బ్యాక్ అని ఉంటుంది, ఆన్ చేస్తే తెర మీద ఉన్నదంతా చదువుతుంది. కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ ఉంది, అదీ ఉచితమే. రెండూ తెలుగు చదవగలవు. అయితే అవి చదివేది ఫైల్ లోపల ఉన్న అక్షరాల కోడ్‌ని. మన తెలుగు పుస్తకాలు ఏళ్ల తరబడి డీటీపీలో అను లాంటి పాత ఫాంట్లతో తయారవుతూ వచ్చాయి. పైకి 'అమ్మ' అని కనబడుతుంది, లోపల ఉండేది ఇంగ్లీషు కోడ్. కాగితం మీద ప్రింటు కొట్టడానికి దానితో ఏ ఇబ్బందీ లేదు. అదే ఫైల్‌ని పీడీఎఫ్ చేసి "ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి" అన్నప్పుడే వస్తుంది తంటా. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. నాకంటే వయసులో పెద్దది! ఇంకా "టెక్నాలజీ రావాలి" అనే మాట నేను ఒప్పుకోను.

మా వైపు పదో తరగతి చదివే ఒక తమ్ముడు ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. హాస్టల్లో పక్క మంచం కుర్రాడు రోజూ సాయంత్రం పాఠం చదివి వినిపిస్తాడు. ఆ కుర్రాడు పండక్కి ఊరెళితే వీడి చదువు ఆగిపోతుంది. "స్నేహితుడు చదివి పెడుతున్నాడుగా" అంటారు పెద్దోళ్లు. స్నేహం గొప్పదే, కాదనను. కానీ ఆ పిల్లాడు రాత్రి పదింటికి ఒక పేరా మళ్లీ వినాలనుకుంటే ఎవరిని లేపాలి?

సరైన యూనికోడ్ ఫైల్ ఒక్కటుంటే దాన్నే ఫోన్ చదువుతుంది, దాన్నే బ్రెయిలీలోకి మార్చొచ్చు. చూపు తక్కువ ఉన్నవాళ్లు అక్షరం ఎంత పెద్దది చేసుకున్నా లైను తెరలోనే సర్దుకుంటుంది. మామూలు పీడీఎఫ్‌ని పెద్దది చేసి చదివి చూడండి, ప్రతి లైనుకీ వేలుతో కుడికీ ఎడమకీ లాగాలి. ఇంకో సంగతి. పుస్తకం మొత్తం ఉట్టి అక్షరాలుగా ఉంటే ఫోన్లో తీసిన ఒక ఫొటో అంత సైజు కూడా ఉండదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే మన ఊళ్లలో అది అందరికీ లాభమే.

ఇది వేరే ఎవరిదో సమస్య అనుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మన గూడేల్లో ఎక్కువగా కనబడే సికిల్ సెల్ కూడా ఉంది. నొప్పులొచ్చి వారం పాటు బడికి పోలేని పిల్లకి, పడుకుని వినగలిగే పాఠం ఎంత ఆసరానో ఆ ఇంట్లో వాళ్లని అడగండి.

అదే చట్టం 17వ సెక్షన్ చూడండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లదాకా పుస్తకాలు, చదువు సామగ్రి ఉచితంగా ఇవ్వాలి. చదవలేని ఫైల్ ఇచ్చి ఇచ్చామంటే ఎలా? డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

"సుగమ్య పుస్తకాలయ ఉందిగా" అని ఎవరైనా అనొచ్చు. 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ అది, మంచి పనే. కానీ సభ్యత్వానికి వైకల్యం రుజువు కావాలి. మనకి ఆ సర్టిఫికెట్ అంటే స్లాట్ కోసం ఒకచోటికి, క్యాంపు కోసం ఆసుపత్రికి తిరగాలి. ఆ రోజు డాక్టరు లేకపోతే మళ్లీ ఇంకోసారి. కొండ దిగిన ప్రతిసారీ తల్లికి ఒక రోజు కూలి పోతుంది. అందరికీ ఉచితమని పెట్టిన పుస్తకాన్నే సరిగా తయారుచేస్తే ఈ కార్డుల గొడవ ఎందుకు?

మన భాషల సంగతి ఇంకో మెట్టు కింద ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, కువి, సవర, గోండి లాంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. పుస్తకాలు తెలుగు లిపిలో వేశారు. తెలుగు చదివే యంత్రం గొంతుతో కోయ మాట పలికిస్తే మన అవ్వలు నవ్వుతారు. అక్కడ మనిషి గొంతే కావాలి, అది మనమే ఇవ్వగలం. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవాళ్ల కోసం, లాభం చూసుకోకుండా, ఎవరైనా పుస్తకాన్ని వాళ్లు వాడుకోగలిగే రూపంలోకి మార్చొచ్చు. కాబట్టి భయపడకుండా రికార్డు చేయండి. కోళ్లు కూయని వేళ చూసుకోండి. పేజీ నంబరు పైకి చదవండి. పటం వస్తే "ఇక్కడ మ్యాప్ ఉంది" అని దాటేయకండి, గోదావరి ఎటు నుంచి ఎటు పోతుందో చెప్పండి. మెమరీ కార్డులో వేసి ఇవ్వండి, నెట్‌తో పనుండదు.

అంతమాత్రాన ప్రభుత్వం తప్పించుకోకూడదు. పాఠ్యపుస్తకాలు తయారుచేసే కార్యాలయానికి ఆర్‌టీఐ పెట్టండి, బీపీఎల్ వాళ్లకి ఫీజు లేదు. పుస్తకాల ఫైళ్లు ఏ ఫాంట్‌లో ఉన్నాయి? పెట్టేముందు చూపు లేనివాళ్లతో చదివించి చూశారా? 23వ సెక్షన్ కింద మీ ఫిర్యాదుల అధికారి ఎవరు? ఈ మూడే అడగండి. జూన్‌లో బడులు తెరుస్తారు, ఫైళ్లు అంతకు నెలల ముందే సిద్ధమవుతాయి. దరఖాస్తు ఆలోపే చేరాలి.